మిరప కల్లంలో గుండె దడ

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో లూకస్ లాఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, అస్తమానం దిగులుపడే జబ్బున్న 29 మంది చేత ఒక పని చేయించారు. పది రోజుల పాటు మనసులో మెదిలిన దిగుళ్లను రాసిపెట్టుకోవాలి. నెల తిరిగేలోగా వాటిలో ఏది నిజమైందో, ఏది కాలేదో తేల్చాలి. 2020లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం నూటికి 91.4 దిగుళ్లు నిజం కాలేదు. రాసుకున్నవాటిలో ఒక్కటి కూడా నిజం కాని వాళ్లూ ఉన్నారు.

ఈ లెక్క తీసుకెళ్లి పల్నాడు జిల్లాలో దాచేపల్లి దగ్గరో, బెల్లంకొండ దగ్గరో మిరప వేసిన కౌలు రైతుకు చెప్పి చూడండి. నవ్వి ఊరుకుంటాడు. 2021లో మిరప పూతలోకి కొత్త రకం తామర పురుగు దిగింది. రైతులు దాన్ని నల్ల తామర అన్నారు, శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పినస్ అన్నారు. పూవులోనే కాపురం పెట్టి పూతంతా రాల్చేసే ఆ పురుగు ఏ మందుకూ ఓ పట్టాన లొంగలేదు. పెంచిన తోటను చేతులారా దున్నేసుకున్నవాళ్లు ఎందరో. మళ్లీ 2023లో క్వింటా 20 వేలు దాటి ఆశ పెట్టిన ధర, 2025 మొదట్లో ఎంతగా దిగజారిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఎకరాకు లక్షన్నరో రెండు లక్షలో పెట్టుబడి, ఆపైన కౌలు. పురుగు పడుతుందేమోనని భయపడ్డాడు, పడింది. ధర పోతుందేమోనని భయపడ్డాడు, పోయింది. బోరు ఎండుతుందేమో, సాగర్ కుడి కాలువ చివరి భూములకు నీళ్లు అందవేమో అన్నవి కూడా ఇక్కడ గాలి కబుర్లు కావు. 2024 మే 13న పోలింగు జరిగాక జిల్లాలో చెలరేగిన గొడవలకు 144 సెక్షన్ పెట్టారు. ఆ రోజుల్లో మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ల భయాన్ని జబ్బు అనడానికి ఏ డాక్టరుకూ నోరు రాదు.

కాబట్టి "మీరు ఊహించుకుంటున్నంత ఏమీ జరగదు" అనే ఓదార్పుతో పల్నాడులో పని మొదలుపెట్టే థెరపిస్టు మొదటి రోజే నమ్మకం పోగొట్టుకుంటాడు. ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. దిగులుకు అసలు కారణం కళ్లెదుటే ఉన్నప్పుడు థెరపీకి చేయడానికి ఏముంటుంది? చాలానే ఉంటుందని ఈ అధ్యాయంలో చెప్పబోతున్నాను. దానివల్ల కానిదేమిటో కూడా.

ముందు ఒంటి సంగతి చూద్దాం. పల్నాడులో "నాకు ఆందోళనగా ఉంది" అంటూ ఆస్పత్రికి వచ్చేవాళ్లు అరుదు. గుండె దడ, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, తల తిరగడం, అరికాళ్ల మంట, నరాల బలహీనత, గ్యాస్. ఇవీ వాళ్లు చెప్పుకునే బాధలు. ముఖ్యంగా మగవాళ్లు. వీరుల గుడి ఉన్న సీమలో, పౌరుషాన్ని ఇంటిపేరులా మోసే ఊళ్లలో భయం అనే మాట నోట్లోంచి రావడం కష్టం. గ్యాస్ అంటే పరువుకేమీ లోటు లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కిస్తాడు, బలానికి ఇంజెక్షన్ వేస్తాడు. రెండు రోజులు బాగుంటుంది. మూడో రోజు నరసరావుపేటలో ఈసీజీ, ఆ తర్వాత గుంటూరులో ఎకో. అన్నీ నార్మల్. రిపోర్టుల కవరు లావెక్కుతుంది, దడ మాత్రం తగ్గదు.

ఈ పరీక్షలు దండగ అనను. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు ముందు గుండెను చూడాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. మిరప తోటల సీమలో ఇంకో ప్రశ్న కూడా తప్పనిసరి: ఈ రెండు రోజుల్లో మందు కొట్టారా? ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు ఒంటికి పడితే చెమటలు, వణుకు, తలతిప్పు, వాంతులు వస్తాయి. దాన్ని ఆందోళన అనుకుని ఇంటికి పంపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ కావని తేలాక మిగిలే దడ ఎక్కడిది? ఆపద ఎదురైనప్పుడు పోరాడటానికో, పారిపోవడానికో ఒళ్లు ఎలా సిద్ధమవుతుందో అమెరికన్ శరీర శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915 నాటి పుస్తకంలో వివరించాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు మళ్లుతుంది, జీర్ణం మందగిస్తుంది, చెమట పడుతుంది. మెదడులో బాదంపప్పంత ఉండే అమిగ్డలా ఈ హెచ్చరికలో ముందుండే భాగాల్లో ఒకటి. దానికి తొందరెక్కువ, విచారణ తక్కువ. బోరు దగ్గర ఆటో స్టార్టర్ ఉంటుంది కదా, కరెంటు వస్తే చాలు, తోటకు ఆ పూట తడి కావాలా, అసలు బోరులో నీళ్లున్నాయా అని అడక్కుండా మోటారు తిప్పేస్తుంది. ఈ ఏర్పాటూ అంతే. కమీషన్ ఏజెంటు నంబరు ఫోన్లో వెలిగినా, పాము కనిపించినా ఒంట్లో లేచే దడ ఒకటే.

ఆ దడకు మనం ఏ అర్థం చెప్పుకుంటామన్నది తర్వాతి మెట్టు. 1986లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ దీన్ని ఒక వలయంగా చూపించాడు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. "ఇది హార్ట్ ఎటాకే" అని మనసు తేల్చేస్తుంది. ఆ తీర్పు విని ఒళ్లు మరింత అడ్రినలిన్ వదులుతుంది. గుండె ఇంకా వేగం అందుకుంటుంది. అదిగో, అనుకున్నదే అయింది! పది నిమిషాల్లో మనిషి చావు అంచుకు వెళ్లొచ్చినట్టు అయిపోతాడు. పానిక్ ఎటాక్ అనేది దీన్నే. మే నెల రెంటచింతలలో ఈ వలయం మొదలవడానికి పెద్ద కారణమే అక్కర్లేదు. రాష్ట్రంలో ఎండ పేరెత్తితే మొదట వినిపించే ఊరు అది. ఆ ఎండలో కల్లం దగ్గర కాయలు తిరగేసి నిలబడితే దడ, చెమట, తలతిప్పు ఎవరికైనా వస్తాయి. ఒకసారి పానిక్ చూసినవాడికి ఆ మూడూ మూడు సాక్ష్యాలు.

చికిత్స ఇక్కడ కాస్త వింతగా కనిపిస్తుంది. గుండె పరీక్షలు బాగున్నాయని తేలాక, థెరపిస్టు తన గదిలోనే మనిషి చేత మెట్లు గబగబా ఎక్కిస్తాడు, కుర్చీలో గిరగిరా తిప్పుతాడు, సన్నటి గొట్టంతో ఊపిరి పీల్పిస్తాడు. దడ, తలతిప్పు, ఆయాసం కావాలనే తెప్పిస్తాడు. వచ్చాయి, ఉన్నాయి, తగ్గాయి. ప్రాణం పోలేదు. నోటి మాటగా ఈ సంగతి వందసార్లు విన్నవాడు కూడా ఒళ్లు చూపిస్తేగానీ నమ్మడు.

దీనికి వందేళ్ల వెనకటి మూలం ఉంది. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి భయాన్ని మేరీ కవర్ జోన్స్ ఎలా పోగొట్టిందో 1924లో అచ్చయింది. వాడు ఇష్టంగా తినేటప్పుడు కుందేలును దూరంగా ఉంచి, రోజురోజుకూ కాస్త కాస్త దగ్గరకు జరిపింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. 1958లో జోసెఫ్ వోల్పే దీన్ని పెద్దవాళ్లకు పద్ధతిగా మలిచాడు. 1960లలో ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్ ఇంకో తలుపు తెరిచాడు. భయంతో పాటు మనసులో మెరుపులా మెరిసే తీర్పులను పట్టుకుని కాగితం మీద పెట్టి, వాటికి రుజువేమిటని అడగడం ఆయన పద్ధతి. ఈ రెండు పాయలూ కలిసిందే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ. ఆందోళన జబ్బులకు అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షకు నిలిచిన మాటల చికిత్స ఇదే. భయాన్ని ఇది చెరిపేయదు. పాత భయం పక్కనే "ఇది ప్రమాదం కాదు" అన్న కొత్త జ్ఞాపకాన్ని నాటుతుంది. అందుకే బాగా తగ్గినవాళ్లకు కూడా కష్టకాలంలో పాతది తల ఎత్తవచ్చు. అది ఓటమి కాదని ముందే చెప్పి పంపడం మంచి థెరపిస్టు లక్షణం.

ఇప్పుడు మన కౌలు రైతు దగ్గరకు వద్దాం. ఇతను ఒక ఫలానా మనిషి కాదు, పల్నాడు ఊళ్లలో కనిపించే పరిస్థితులను కలిపి అల్లుకున్న పాత్ర. నాలుగెకరాలు కౌలుకు తీసుకుని తేజ రకం మిరప వేశాడు. పురుగుమందుల షాపులో అప్పు, కమీషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు, భార్య బంగారం బ్యాంకులో. యాభై టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ధర కోసం కూర్చున్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. "ధర ఇంకా పడితే? ఏజెంటు ఇంటి మీదికి వస్తే? పిల్ల కాలేజీ ఫీజు? ఊళ్లో నలుగురిలో..." తెల్లారేదాకా ఇదే తిరుగుడు. పగలు ఏజెంటు ఫోన్ చేస్తే ఎత్తడు. బ్యాంకు నోటీసు కవరు చించకుండా టీవీ వెనక పెట్టాడు. షాపు ముందు నుంచి వెళ్లాల్సి వస్తుందని ఊరి సెంటరుకు పోవడమే మానేశాడు.

ఊళ్లో అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఎందుకురా అంత ఆలోచిస్తావు, ఆలోచించమాక." 1987లో డేనియల్ వెగ్నర్ అనే పరిశోధకుడు విద్యార్థులను కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నాడు. అదే పదే పదే మనసులోకి వచ్చింది. ఆలోచించవద్దన్న సమయం అయిపోయాక, మొదటి నుంచీ ఆలోచించమన్నవాళ్లకన్నా వీళ్లకే ఎక్కువగా వచ్చింది. ప్రేమతో చెప్పే మాటే అయినా, ఆ సలహా రాత్రి రెండింటి తిరుగుడుకు నూనె పోస్తుంది.

దిగులు మీద జీవితకాలం పనిచేసిన థామస్ బోర్కొవెక్ దీనికి పూర్తిగా ఎదురు వైపు నుంచి వచ్చాడు. దిగులుపడండి, కానీ వేళ పెట్టుకుని పడండి అన్నాడు. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి అరగంట. మిగతా వేళల్లో దిగులు తలుపు తడితే "సాయంత్రం ఐదింటికి రా" అని చెప్పి చేతిలో పనికి మళ్లాలి. ఆ అరగంటలో మాత్రం దాన్ని దాటవేయకూడదు. ఆ అరగంట పడక మీద గడపడం కుదరదు. చదవగానే పిల్లల ఆటలా ఉంటుంది, 1983 నుంచి పరీక్షల్లో నిలుస్తూ వచ్చింది.

ఆ అరగంటలో కాగితం తీస్తే అసలు పని మొదలవుతుంది. థెరపిస్టు ఈ రైతు దిగుళ్లను రెండు వరుసల్లో రాయిస్తాడు. ఒక దాంట్లో ఈ వారం చేయగల పని ఏదో ఒకటి ఉన్నవి. రెండో దాంట్లో ఎంత ఆలోచించినా చేయడానికేమీ లేనివి. "ధర పడితే?" రెండో వరుస. "ఏజెంటు ఇంటి మీదికి వస్తే?" చూడటానికి రెండోదే, గట్టిగా అడిగితే మొదటిది: ఫోన్ ఎత్తి, ఎన్ని రోజులు గడువు కావాలో చెప్పడం. బ్యాంకు నోటీసు మొదటి వరుస: కవరు చించడం. పిల్ల ఫీజు మొదటి వరుస: కాలేజీకి వెళ్లి వాయిదాలు అడగడం. రాత్రి నిద్ర పాడుచేస్తున్నది ఎక్కువగా రెండో వరుసే, అప్పు పెంచుతున్నది మాత్రం మొదటి వరుసలో చేయకుండా వదిలేసిన పనులు. ఈ రెంటినీ ఒకే ముద్దగా మోయడం వల్ల చేయగలిగినదీ చేయలేకపోతున్నాడు.

ఫోన్ ఎత్తకపోవడం ఇక్కడ కీలకం. ఎత్తని ప్రతిసారీ ఆ నిమిషానికి దడ తగ్గుతుంది. ఆ కాస్త ఊరటే మనసుకు పాఠం చెబుతుంది: ఎత్తలేదు కాబట్టే బతికావు. తర్వాతి ఫోన్ ఇంకా భయంకరంగా మోగుతుంది. పీటర్ కుందేలు లాగే దీన్నీ మెట్లుగా విడదీస్తారు. మొదట కవరు చించి, చదవకుండా బల్ల మీద పెట్టడం. తర్వాత భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చదవడం. బ్యాంకుకు వెళ్లి రావడం. చివరగా ఏజెంటుకు తనే ఫోన్ చేయడం. ఏజెంటు కేకలేయవచ్చు, అదీ ముందే మాట్లాడుకుంటారు. కేకలు వింటూ ఫోన్ పెట్టేయకుండా ఉండటమే ఆ వారం పని.

ఇలాంటి సాయం ఎవరికి కావాలో తేల్చడానికి, ఆందోళన తీవ్రతను కొలిచే ఏడు ప్రశ్నల కొలబద్ద ఒకటి ఉంది, జీఏడీ-7. రాబర్ట్ స్పిట్జర్ బృందం 2006లో తయారుచేసింది. రెండు వారాలుగా ఎంత తరచుగా కంగారు, దిగులు ఆపుకోలేకపోవడం, చిరాకు, ఏదో కీడు జరగబోతోందన్న భయం, ఇలా అడిగి మార్కులు వేస్తారు. ఐదు నిమిషాల పని, ఆశా కార్యకర్త కూడా చేయగలదు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశాలు ఇంటింటికీ ట్యాబ్ పట్టుకెళ్లి ఇలాంటి ప్రశ్నలే అడిగారు. అవసరమున్నవాళ్లను పీహెచ్‌సీ డాక్టరుకు చూపించారు. తర్వాత హర్యానాను కూడా కలుపుకుని 44 పీహెచ్‌సీల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షించారు.

ఈ పద్ధతి ఎందుకు కావాలంటే, చికిత్స చేసే నిపుణులు చాలినంత మంది లేరు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదన్నది వేరే సంగతి. సీబీటీ శిక్షణ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు కోసం గురజాల నుంచి బయలుదేరిన కూలీ మనిషికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, ఆరు వారాలు వరుసగా వెళ్లడం అయ్యే పని కాదు.

గోవాలో విక్రం పటేల్ బృందం చేసిన మానస్ పరిశోధన 2010లో లాన్సెట్‌లో వచ్చింది. డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్లకు సలహాదారులుగా పెట్టారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నెలలకు కోలుకున్నవాళ్లు 65.9 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినచోట 42.5. ప్రైవేటు క్లినిక్‌లలో ఇంత తేడా కనిపించలేదు. జింబాబ్వేలో డిక్సన్ చిబాందా అనే సైకియాట్రిస్టు క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీలు వేయించి, శిక్షణ పొందిన అవ్వలను కూర్చోబెట్టాడు. వాళ్లు చేసేది మన రైతు కాగితం లాంటి పనే: సమస్యలన్నీ చెప్పించి, ఒకదాన్ని ఎంచుకోనిచ్చి, దానికి ఒక అడుగు వేయించడం. ఇది వినగానే మనకు రచ్చబండ గుర్తొస్తుంది, ఆ తొందర వద్దు. రచ్చబండ మీద చెప్పింది సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అప్పుల సంగతి చెప్పుకునే చోటుకు ముందు గుట్టు కావాలి. ఫోన్లో మాట్లాడటం నయమనుకునేవాళ్లకు 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ ఉంది. 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బతకాలనిపించడం లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఆ ఫోన్ అప్పుడే చేయాలి, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు ఆ పూటే ఇల్లు దాటాలి.

మందుల గురించి క్లుప్తంగా. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ జాతి మాత్రలు చాలామందికి పనిచేస్తాయి, ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆపాల్సి వస్తే డాక్టరు చెప్పినట్టు మెల్లగా ఆపాలి. అల్‌ప్రజోలం లాంటివి గంటలోనే హాయినిస్తాయి. సమస్య కూడా అక్కడే. కొద్ది వారాల్లోనే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది, ఉన్నట్టుండి మానేస్తే దడ రెట్టింపై తిరిగొస్తుంది. పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి మందుల షాపులో కొనుక్కునే మాత్ర ఇదైతే, దాన్ని మాన్పించడమే ఒక చికిత్స అవుతుంది.

థెరపీ హద్దులు ఎక్కడున్నాయో కెన్యా, ఘనా పల్లెల్లో చేసిన రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. కెన్యాలో 5,700 మందికి పైగా పల్లె జనంలో కొందరికి ఐదు వారాల మాటల చికిత్స ఇచ్చారు, కొందరికి పెద్ద మొత్తంలో నగదు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే నగదు అందినవాళ్ల బతుకూ మనసూ రెండూ మెరుగుపడ్డాయి. చికిత్స మాత్రమే అందినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఘనాలో పేద పల్లె జనానికి పన్నెండు వారాల సీబీటీ ఇస్తే, మొదట్లో బాధ పెద్దగా లేనివాళ్లకు కూడా మేలు జరిగింది. నాకు తోచేదేమంటే, అప్పులున్న సీమలో థెరపీని అప్పుల విధానానికి బదులుగా అమ్మజూపడం మోసం. అప్పులు తీరేదాకా థెరపీ దండగ అనడం కూడా అంతే తప్పు, ఎందుకంటే ఫోన్ ఎత్తలేని మనిషి రుణం రీషెడ్యూల్ చేయించుకోవడానికి కూడా వెళ్లలేడు.

మన రైతు ఆరో వారం కాగితం చూడండి. నోటీసు చదివాడు. ఏజెంటుతో మాట్లాడాడు, నాలుగు మాటలు పడ్డాడు, ఉగాది దాకా గడువు దొరికింది. మెలకువ ఇంకా వస్తోంది, వారంలో ఐదు రాత్రులు పోయి రెండయ్యాయి. సెంటరుకు వెళ్లి టీ తాగి వస్తున్నాడు. మొదటి వరుసలో ఒక్కటి మాత్రం వారం వారం కింది కాగితంలోకి దిగుతూనే ఉంది: సాగుదారు హక్కు పత్రం. 2019 చట్టం ప్రకారం అది ఉంటే బ్యాంకు పంట రుణానికి, పంట నష్ట పరిహారానికి దారి దొరుకుతుంది. దానికి భూమి యజమాని సంతకం కావాలి. యజమాని గుంటూరులో ఉంటాడు, ఇతను రెండుసార్లు వెళ్లి అడిగాడు, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. థెరపిస్టు కాసేపు ఆలోచించి, దాన్ని రెండో వరుసలోకి మార్చమని అనలేకపోయాడు. మళ్లీ మొదటి వరుసలోనే రాయించి, పక్కన ఇంకో పేరు చేర్పించాడు: గ్రామ రెవెన్యూ అధికారి.